పెద్దాయన మోచేయి

ఆ మంగళవారం పొద్దున పంపాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి పంపుహౌస్ చేరాలి. ఏడింటికి హెడ్డాఫీసు వ్యాను వచ్చేలోపు ఒక ఉత్తరం రాసి ఇవ్వాలి. పదింటికి ఒక్క గంట ఇంటికి వెళ్లి, ముందుగదిలో ఉన్న ఇనుప బీరువాను వెనకగదిలోకి జరపాలి. బీరువా సంగతి ఆయన భార్య మూడు వారాలుగా చెబుతోంది. మొదటి వారం నోటితో చెప్పింది. రెండో వారం గిన్నెల చప్పుడుతో చెప్పింది. మూడో వారం అసలేమీ చెప్పలేదు. పాతికేళ్ల కాపురంలో ఏమీ చెప్పకపోవడమంటే ఏమిటో ఆయనకు బాగా తెలుసు.

పంపాయన అన్నది ఊరు పెట్టిన పేరు. ఏటి ఒడ్డున ఉన్న పంపుహౌస్‌కు ఆయనే ఆపరేటరు. ఊళ్లో ఎవరు ఏ కుళాయి తిప్పినా ఆ నీళ్లు ఆయన చేతి మీదుగా రావలసిందే. ఆ గర్వం ఆయనకు నిండా ఉంది, దాన్ని దాచుకునే ప్రయత్నమూ ఎప్పుడూ చేయలేదు. ఎవరింటికి చుట్టపుచూపుగా వెళ్లి మంచినీళ్లు పుచ్చుకున్నా, గ్లాసు ఖాళీ చేసి "పొద్దున నేను పంపినవే" అని చెప్పి మరీ కింద పెట్టేవాడు.

పంపుహౌస్‌లో ఉన్నవి మూడు యంత్రాలు. మూడింటికీ ఆయనే పేర్లు పెట్టాడు. అయిదేళ్ల కిందట వచ్చిన కొత్త మోటారు పేరు కోడలు. పనిమంతురాలే, చప్పుడు కూడా చేయదు, కాని కాస్త వేడెక్కిందంటే చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. మూలనున్న డీజిలు ఇంజను తోడల్లుడు. అవసరానికి పిలిస్తే వస్తాడు, తాగందే మాత్రం కదలడు. ఇక గది మధ్యలో, మనిషెత్తు చక్రంతో, నలభై ఒక్కేళ్లుగా ధబ్ ధబ్‌మని నీళ్లు తోడుతున్న పాత పంపు పెద్దాయన. ఊరికి అసలు దిక్కు ఆయనే.

ఆ పెద్దాయన నుంచి పైపు గోడవైపు వంగే చోట ఉండే ఇనుప వంపు సోమవారం సాయంత్రం పగిలింది. ప్లంబర్లు దాన్ని ఎల్బో అంటారు. పంపాయన మోచేయి అంటాడు. అంత వయసున్న మనిషికి ఎల్బో ఏమిటి, మర్యాద లేకుండా అని ఆయన ఉద్దేశం. వ్యాను హారను వినబడుతుండగా ఆయన గబగబా ఉత్తరం ముగించాడు.

"అయ్యా, మన పెద్దాయన మోచేయి నిన్న సాయంత్రం పగిలింది. గుడ్డ చుట్టి, తీగతో కట్టు కట్టి పని చేయిస్తున్నాను. నలభై ఒక్క ఏళ్లుగా ఒక్కరోజు సెలవు లేకుండా ఊరందరికీ నీళ్లు మోస్తున్నవాడు. తమరు దయ తలచి వెంటనే ఏర్పాటు చేయగలరు. ఇట్లు, పంపుహౌస్ ఆపరేటరు."

ఉత్తరంలో ఆయనకు తప్పేమీ కనబడలేదు. ఇరవై ఏళ్లుగా ఆయన ఇలాగే రాస్తున్నాడు. హెడ్డాఫీసు స్టోర్సులో ఉండే ముసలి గుమాస్తాకు పంపుహౌస్ కుటుంబం మొత్తం తెలుసు. "కోడలికి ఫ్యూజు పోయింది" అని రాస్తే ఫ్యూజు పంపేవాడు, కోడలు ఎలా ఉందని కూడా అడిగేవాడు. ఆ గుమాస్తా పోయిన నెల రిటైరయ్యాడన్న సంగతి మాత్రం పంపాయనకు ఎవరూ చెప్పలేదు. కవరు మీద ఏ విభాగమో రాయలేదు కనుక అది స్టోర్సుకు వెళ్లలేదు. విప్పి చూసినవాడికి అందులో పెద్దాయన, మోచేయి, సెలవు అన్న మాటలు కనబడ్డాయి. తీసుకెళ్లి సిబ్బంది విభాగంలో పడేశాడు.

సిబ్బంది విభాగం సూపరింటెండెంటు ఆ కుర్చీలో కూర్చుని ఇంకా నెల కాలేదు. తన బల్ల మీదికి వచ్చిన ఏ కాగితాన్నీ చివరిదాకా చదవకుండా పక్కన పెట్టకూడదని ఆవిడ మొదటిరోజే ఒట్టు పెట్టుకుంది. ఈ కాగితాన్ని రెండుసార్లు చదివింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మూడోసారి చదివింది. తర్వాత సర్వీసు రిజిస్టర్లన్నీ దింపించి, దుమ్ముకు తుమ్ముతూ మధ్యాహ్నం దాకా వెతికింది. పంపుహౌస్ పేజీలో ఆపరేటరు ఒక్కడే ఉన్నాడు. నలభై ఒక్కేళ్లు ఊరికి నీళ్లు మోసిన మనిషి గురించి ఏ పుటలోనూ ఒక్క అక్షరం లేదు. ఆవిడ రిజిస్టరు మూసేసింది. వెంటనే ఫోను తీసింది.

పంపుహౌస్‌లో ఫోను పెద్దాయనకు మూడడుగుల దూరంలో ఉంటుంది. ధబ్ ధబ్‌ల మధ్య సగం మాటలు వినాలి, సగం ఊహించుకోవాలి.

"పెద్దాయనకి ఎలా ఉంది?" అని అడిగింది సూపరింటెండెంటు.

పంపాయన పొంగిపోయాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో స్టోర్సు గుమాస్తా తప్ప హెడ్డాఫీసు నుంచి ఇంత ఆప్యాయంగా అడిగినవాళ్లు లేరు.

"నడుస్తున్నాడు మేడం. కట్టు కట్టాను. కొంచెం కారుతోంది, అంతే."

"కారుతోందా! డాక్టరుకి చూపించారా?"

మేడం సరదా మనిషి అనుకున్నాడు పంపాయన. "ఆయనకి డాక్టరు, నర్సు అన్నీ నేనే కదండీ."

"ఇప్పుడెక్కడున్నారు?"

"ఎక్కడుంటాడండీ, పనిలోనే ఉన్నాడు. చప్పుడు వినబడట్లేదా?"

"విరిగిన చేత్తోనా? అసలు రోజుకి ఎన్ని గంటలు చేయిస్తారు?"

"మామూలుగా పద్దెనిమిది. ఎండలు ముదిరితే ఇరవై రెండు."

"ఇంకెవరూ లేరా సాయానికి?"

"ఉంది మేడం, కోడలుంది. కానీ ఉన్నా లేనట్టే. ఊరికే వేడెక్కిపోతుంది. ఒక్కమాట అనడానికి లేదు, ఆగిపోతుంది. తోడల్లుడున్నాడు గానీ వాడు తాగుబోతు. గంటకి నాలుగు లీటర్లు పట్టాలి."

"నాలుగు లీటర్లా!"

"ఈ మధ్య అయిదు అడుగుతున్నాడు."

సూపరింటెండెంటు నుదురు పట్టుకుంది. ఆవిడకు కళ్లముందు ఆ ఇల్లు కనబడింది. విరిగిన చేయి, కోపిష్టి కోడలు, తాగుబోతు బంధువు, వాళ్లందరి మధ్య బిందెలు మోస్తున్న ముసలివాడు. "చూడండి," అంది గొంతు గట్టి చేసుకుని. "ఆయన చేసింది చాలు. ఇక ఆయన్ని విశ్రాంతికి పంపించేస్తాం. నేను ఇవాళే పైకి రాస్తున్నాను."

పంపాయన చేతిలోంచి నూనె డబ్బా జారి పడింది. విశ్రాంతి అంటే ఏమిటో ఆయనకు తెలియనిది కాదు. గోడ పక్కన నాలుగు రోజులు పడి ఉండడం, అయిదోరోజు లారీ రావడం, ఆరోరోజు పాత ఇనుము దుకాణం.

"వద్దు మేడం! మీ కాళ్లు పట్టుకుంటాను. ఆయన్ని మాత్రం తీసేయకండి. ఇంకా పదేళ్లు చేస్తాడు. నేను చేయిస్తాను!"

"మీకసలు జాలి లేదా?" అని ఫోను పెట్టేసింది సూపరింటెండెంటు.

పదింటికి రావలసిన మనిషి మధ్యాహ్నం మూడింటికి ఇంటికి వచ్చాడు. భార్య బీరువాకు వీపు ఆనించి నిలబడి ఉంది. ఏదో అనబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

"ఏమైందండీ?"

"పెద్దాయన్ని తీసేస్తారట."

ఆవిడ బీరువా దగ్గర నుంచి ఇవతలికి వచ్చింది. "ఎవరన్నారు?"

"హెడ్డాఫీసులో ఎవరో కొత్తావిడ. మోచేయి అడిగితే మనిషినే వద్దంటోంది."

"ఏం, వాళ్ల అబ్బ సొమ్మా? ఆ చప్పుడు మొదలైతేనే కదా నేను పొయ్యి వెలిగించేది. ఈ వీధిలో ఎవరింట్లోనైనా గడియారం చూసి లేచేవాళ్లున్నారా? మీరు మొహం కడుక్కుని కూర్చోండి. నేను హెడ్ మేడం గారింటికి వెళ్లొస్తాను."

వీధి చివర ఉండే బడి హెడ్ మేడం అర్జీలు రాయడంలో అందెవేసిన చేయి. పెద్దాయన్ని తీసేస్తున్నారన్న మాట విని ఆవిడ కలం మూత తీసింది. సాయంత్రానికి అర్జీ వీధులు దాటింది. లాండ్రీ ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి సంతకం చేశాడు. మంగలిషాపులో సగం గడ్డం గీయించుకున్నవాడు నురగతోనే లేచి వచ్చి చేశాడు. ఊరందరికీ ఆ పంపు పేరు తెలుసు కనుక అది పంపు అని కాగితంలో రాయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మర్నాడు పొద్దున వ్యానులో రెండువందల పన్నెండు సంతకాలు హెడ్డాఫీసుకు బయల్దేరాయి.

సూపరింటెండెంటు ఆ అర్జీని నిలబడి చదివింది. "మా తండ్రుల నాటి నుంచి మా దాహం తీరుస్తున్న పెద్దాయనను వయసు మీరిందన్న నెపంతో తొలగించడం మాకు సమ్మతం కాదు. ఆయన చప్పుడు చెవిన పడనిదే మా ఊరికి తెల్లవారదు. చలికాలంలో అప్పుడప్పుడు మొండికేసే మాట నిజమే. అయినా నెత్తి మీద ఒక్కటి గట్టిగా వేస్తే మళ్లీ కదులుతారు."

"కొడుతున్నారు కూడానా!" అని ఆవిడ అక్కడే కుర్చీలో కూలబడింది. తర్వాత అదే కాగితం పట్టుకుని తిన్నగా డైరెక్టరు గదిలోకి నడిచింది.

డైరెక్టరు మంచి మనిషే. ఆయనకున్న బాధల్లా ఒకటే. సంస్థలో ఎవరినైనా సన్మానించి, ఫోటో తీయించి, వరండాలో తగిలించాలని ఏడాదిగా అనుకుంటున్నాడు, తగిన మనిషి దొరకడం లేదు. సూపరింటెండెంటు చెప్పిందంతా విని ఆయన లేచి నిలబడ్డాడు.

"నలభై ఒక్కేళ్లు! ఒక్క సెలవు లేదు! రెండువందల మంది కోరుకుంటున్నారు! ఇలాంటి మనిషి మన దగ్గరే ఉన్నాడని నేను ఎప్పుడూ అంటూనే ఉన్నాను."

ఆయన అలా అనడం ఎవరూ వినలేదు గాని, ఎవరూ కాదనలేదు. అప్పటికప్పుడు నిర్ణయాలు జరిగిపోయాయి. శుక్రవారం ఉదయం పది గంటలకు పంపుహౌస్‌లోనే సన్మానం. పెద్దాయన పేరు చెక్కిన ఇత్తడి పలక ఒకటి. మంచి ఉన్ని కోటు ఒకటి. ఆ తర్వాత గౌరవప్రదమైన విశ్రాంతి.

కోటుకు కొలతలు కావాలి. సూపరింటెండెంటు మళ్లీ ఫోను చేసింది. "శుక్రవారం పొద్దున మేమంతా వస్తున్నాం. పెద్దాయన ఎత్తు, నడుము కొలిచి చెప్పండి."

లారీ కోసం అడుగుతున్నారని పంపాయనకు అర్థమైపోయింది. ఎంత పెద్ద లారీ తేవాలో తెలియాలి కదా. అబద్ధం చెబుదామా అనిపించింది. కాని పెద్దాయన గురించి తక్కువ చేసి చెప్పడానికి ఆయనకు మనసు రాలేదు.

"ఎత్తు అయిదున్నర అడుగులు మేడం. నడుము తొమ్మిది."

"తొమ్మిదేమిటి?"

"అడుగులే. టేపుతో రెండుసార్లు చూశాను. ఎడమవైపు కొంచెం ఉబ్బి ఉంటుంది."

"నొప్పేమైనా ఉందా అక్కడ?" అంది ఆవిడ సన్నటి గొంతుతో.

"నొప్పేముంటుందండీ. వేలితో కొడితే ఖంగుమంటుంది."

సూపరింటెండెంటుకు ఆ రోజు టీ సహించలేదు. ఒంట్లో నీరు పట్టి ఉంటుంది, జీవితమంతా నీళ్లు మోసిన మనిషికి చివరికి ఒంట్లో కూడా నీరే చేరింది అనుకుంది. కొలతలు చూసి దర్జీ రెండుసార్లు ఫోను చేశాడు. మూడోసారి స్వయంగా వచ్చాడు. "మేడం, ఇది కోటా, డేరానా?" అని అడిగాడు. "మీరు కుట్టండి, ఒక మనిషి బాధ మీకు నవ్వులాటగా ఉందా?" అని ఆవిడ కసిరింది. దర్జీ నోరు మూసుకుని ఇంకో తాను విప్పాడు. నడవలేని మనిషి అయ్యుంటాడని ఆసుపత్రి వాళ్లనడిగి, ఉన్నవాటిలోకెల్లా వెడల్పయిన చక్రాల కుర్చీ కూడా తెప్పించింది.

ఇక్కడ పంపాయన యుద్ధానికి సిద్ధమవుతున్నాడు. ముసలివాడిలా కనబడితేనే కదా తీసుకుపోయేది, పడుచువాడిలా కనబడితే ఎలా తీసుకుపోతారో చూద్దాం అన్నాడు. గురువారమంతా భార్యాభర్తలిద్దరూ పెద్దాయన్ని రుద్దారు. ఆవిడ చింపిరి గుడ్డతో చక్రం ఆకులు ఒక్కొక్కటీ తోమింది. ఆయన పచ్చరంగు వేసి, అంచులకు ఎర్రగీత గీశాడు. కట్టు కట్టిన మోచేతికి ఉతికిన తెల్లగుడ్డ మార్చాడు. పని అయ్యాక ఇద్దరూ నాలుగడుగులు వెనక్కి వేసి చూశారు.

"మన పెళ్లిలో మీరు కూడా ఇంత బాగా లేరు," అంది భార్య.

ఆయనకు కోపం రాలేదు. నిజమే అనిపించింది.

శుక్రవారం పదింటికి రెండు కార్లు వచ్చి ఆగాయి. లారీ లేదు. పంపుహౌస్ ముందు సగం ఊరు నిలబడి ఉంది. ముందు కారులోంచి, తనే స్టీరింగు పట్టి వచ్చిన డైరెక్టరు, పక్కసీట్లో కూర్చున్న డ్రైవరు దిగారు. డైరెక్టరు జనాన్ని చూసి మురిసిపోయి చేయి ఊపాడు. జనం ఊపలేదు. రెండో కారులోంచి సూపరింటెండెంటు, ఫోటోగ్రాఫరు దిగారు. డ్రైవరు ఆ కారులోంచి ఒక దండ, ఒక పెద్ద అట్టపెట్టె, ఆపైన చక్రాల కుర్చీ దింపాడు. దండ ఎందుకో పంపాయనకు బోధపడలేదు. చంపేముందు దండ వేస్తారేమో అనుకున్నాడు.

"పెద్దాయన ఎక్కడ?" అంది సూపరింటెండెంటు.

"లోపలున్నాడు మేడం. పని మీద ఉన్నాడు."

"ఇవాళ కూడానా!" అని ఆవిడ డైరెక్టరు కంటే ముందే లోపలికి ఉరికింది.

లోపల ఎవరూ లేరు. నిగనిగలాడే పచ్చటి పంపు ఒకటి ధబ్ ధబ్‌మంటోంది. ఆవిడ దాని వెనక చూసింది. తలుపు వెనక చూసింది. మూలనున్న డీజిలు ఇంజను కింద కూడా వంగి చూసింది. డైరెక్టరు దండ రెండు చేతులతో పట్టుకుని, ఎవరి మెడ వస్తుందా అన్నట్టు నిలబడిపోయాడు.

"ఎక్కడయ్యా మనిషి?"

"మనిషెవరు సార్?"

"పెద్దాయన!"

"వీరే కదా సార్," అని పంపాయన రెండు చేతులతో పంపును చూపించాడు.

సూపరింటెండెంటు చూపు ముందు తెల్లగుడ్డ చుట్టిన పైపువంపు మీద పడింది. అక్కడి నుంచి తొమ్మిదడుగుల నడుము మీదికి, ఎడమవైపు ఉబ్బు మీదికి జారింది. "మరి కోడలు?" అంది నీరసంగా. పంపాయన మోటారును చూపించాడు. "తోడల్లుడు?" మూలనున్న ఇంజనును చూపించాడు. "గంటకి అయిదు లీటర్లు," అని తనలో తాను గొణుక్కుని ఆవిడ ఆ చక్రాల కుర్చీలోనే కూర్చుండిపోయింది.

డైరెక్టరు మొహం ఎర్రబడింది. "ఇనప సామానుకి మనుషుల పేర్లేమిటయ్యా? ఆఫీసుని ఆటపట్టిస్తున్నావా? దీనికి నంబరు లేదూ?"

ఆ మాటకు పంపాయన తల ఎత్తాడు. అప్పటిదాకా ఉన్న భయం ఎటుపోయిందో ఆయనకే తెలియలేదు.

"ఉండేది సార్. నేను చేరిన కొత్తలో ఇక్కడ అన్నీ నంబర్లే. ఒకటి, రెండు, మూడు. ఒకటో నంబరు చెడిపోయిందని కాగితం రాశాను. మర్నాడు లారీ వచ్చి పట్టుకుపోయింది. చిన్న వాల్వు సార్, బాగుచేస్తే బాగయ్యేదే. రెండో నంబరూ అంతే. చెడిపోయిందంటే అందరూ అడిగేది ఒకటే, కొత్తదెప్పుడొస్తుందని. చివరికి ఈయనొక్కడే మిగిలాడు. ఒక రాత్రి ఈయనా ఆగాడు. నాకు కాగితం రాయబుద్ధి కాలేదు. పక్కన కూర్చుని 'ఏమైంది పెద్దాయనా' అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. అన్నాక ఇక చెడిపోయిందనడానికి నోరు రాలేదు. ఒంట్లో బాలేదన్నాను. ఒంట్లో బాలేనివాణ్ణి లారీ ఎక్కించం కదా సార్, దగ్గర కూర్చుని చూసుకుంటాం. రాత్రంతా చూసుకున్నాను. తెల్లారేసరికి లేచాడు. ఆ తర్వాత ఊరికి ఒక్క పూట నీళ్లు తప్పలేదు. కావాలంటే బయటున్నవాళ్లనడగండి."

బయటున్నవాళ్లను అడగనక్కర్లేకపోయింది. కిటికీల నిండా వాళ్లే ఉన్నారు. "అవును సార్," అంది హెడ్ మేడం కిటికీ ఊచల మధ్య నుంచి, బడిపిల్లలకు చెప్పే గొంతుతో.

అయినా డైరెక్టరు తగ్గలేదు. "పిచ్చి కాకపోతే ఏమిటిది? ఎవరైనా యంత్రాన్ని పేరు పెట్టి పిలుస్తారా?"

అట్టపెట్టె మోయలేక మోస్తున్న డ్రైవరు అమాయకంగా నోరు తెరిచాడు. "మన కారుని మీరు చిట్టితల్లీ అంటారు కద్సార్. ఇందాక ఎత్తు ఎక్కేటప్పుడు కూడా 'లాగు చిట్టితల్లీ, ఇంకొంచెం' అన్నారు. ఎక్కాక స్టీరింగు నిమిరారు."

కిటికీల్లోని జనమంతా డైరెక్టరు వైపు తిరిగారు. పెద్దాయన మాత్రం ధబ్ ధబ్‌మంటూనే ఉన్నాడు. డైరెక్టరు డ్రైవరు వైపు చూశాడు, పైకప్పు వైపు చూశాడు, చివరికి పంపు వైపు చూశాడు. మెల్లగా ముందుకు వచ్చి దాని మీద అరచేయి ఆనించాడు. అరచేతిలోంచి భుజం దాకా ఆ అదురు పాకింది. ఊరంతటికీ వెళ్లే నీళ్లు తన చేతి కింద నుంచి వెళ్తున్నాయని, పదకొండేళ్ల ఉద్యోగంలో ఆయనకు మొదటిసారి తెలిసింది.

"ఎంత వెచ్చగా ఉన్నాడు," అన్నాడు.

"ఒంటి నిండా రక్తం సార్," అన్నాడు పంపాయన గర్వంగా.

డైరెక్టరు దండ వేశాడు. దండ వాల్వు పిడికి సరిగ్గా సరిపోయింది. అట్టపెట్టెలోంచి కోటు తీసి నలుగురు పట్టుకుని తొడిగారు. నడుము దగ్గర అంగుళం తేడా లేకుండా బొత్తాలు పడ్డాయి. దర్జీ ఉంటే కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. ఇత్తడి పలకను చక్రం కింద దిమ్మకు బిగించారు. లాండ్రీ ఆయన ఈల వేశాడు. ఫోటోగ్రాఫరు "కొంచెం నవ్వండి" అన్నది ఎవరిని ఉద్దేశించో తెలియక అందరూ నవ్వారు. విశ్రాంతి ఉత్తర్వును డైరెక్టరు నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. ఇంకో పదేళ్లు సర్వీసు పొడిగిస్తున్నామని అందరి ముందూ ప్రకటించాడు. పంపాయన భార్య కొంగుతో కళ్లొత్తుకుని, పక్కావిడతో "ఆ ఎర్రగీత మావారే గీశారు" అంది.

"ఇన్ని తెచ్చారు గానీ మేడం, మోచేయి తేలేదా?" అన్నాడు పంపాయన.

సూపరింటెండెంటు అప్పుడే కుర్చీలోంచి లేచింది. డ్రైవరును అప్పటికప్పుడు హెడ్డాఫీసు స్టోర్సుకు తరిమింది. గంటన్నరలో కొత్త ఇనుప వంపు వచ్చింది. మోయలేనంత బరువుగా ఉంటే దాన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి తోసుకొచ్చారు. కుర్చీ తెప్పించినందుకు ఆవిడకు కాస్త ఊరట కలిగింది.

పంపాయన వంపు బిగిస్తుంటే ఆవిడ బల్ల దగ్గర కూర్చుని, వెంట తెచ్చిన సర్వీసు రిజిస్టరు తెరిచింది. జరిగినదాన్ని ఎక్కడ ఎలా రాయాలో ఆవిడకు తోచలేదు. పంపుహౌస్ పేజీ తిప్పింది. ఆపరేటరు ఒక్కడు. పక్కన సెలవుల గడి. మొదటి ఏడాది ఖాళీ. రెండో ఏడాది ఖాళీ. వేలు కిందికి జరుపుకుంటూ పోయింది. ఇరవై రెండు గడులూ ఖాళీయే.

"ఇది ఎవరిదండీ?"

"నాదే మేడం," అన్నాడు పంపాయన స్పానరు తిప్పుతూనే.

"ఒక్క సెలవూ పెట్టలేదా?"

"ఈయన్ని వదిలి ఎక్కడికెళ్తానండీ?"

"రోజుకి ఎన్ని గంటలుంటారు?"

"ఈయన నడుస్తున్నంతసేపూ."

"పద్దెనిమిదా?"

"ఎండలు ముదిరితే..." అని పంపాయన సగంలో ఆగిపోయాడు. ఆవిడ చూస్తున్న చూపు ఆయనకు నచ్చలేదు.

"సార్," అంది సూపరింటెండెంటు లేచి నిలబడి. రెండు గంటల తర్వాత ఆవిడ గొంతులోకి మళ్లీ ధైర్యం వచ్చింది. "నేను వెతికిన మనిషి దొరికాడు. నేను ఎక్కడా పొరపాటు పడలేదు. ఒక్క మూడడుగులు పక్కకి చూశానంతే."

డైరెక్టరు రిజిస్టరు చూశాడు. పంపాయన మోచేతికున్న పాత కాలినమచ్చ చూశాడు. జేబులోని ఉత్తర్వు తీసి, మడతలు విప్పి, పెద్దాయన పేరు కొట్టేసి పైన 'ఆపరేటరు' అని రాశాడు. ఒక మనిషిని విశ్రాంతికి పంపుదామని అంతదూరం వచ్చి ఊరికే వెళ్లడం ఆయనకు అప్పటిదాకా వెలితిగానే ఉంది. "రేపటి నుంచి నెలరోజులు సెలవు. జీతంతోనే. పక్క పంపుహౌస్ నుంచి మనిషిని వేస్తాను. కాదనడానికి వీల్లేదు."

"వద్దు సార్! నన్ను తీసేయకండి! ఇంకా పదేళ్లు చేస్తాను!"

"తీసేయడం లేదయ్యా. ఒంట్లో బాగుండాలని చూసుకుంటున్నాం. ఇందాక నువ్వే కదా చెప్పావు," అన్నాడు డైరెక్టరు. చప్పట్లు మోగాయి. ఊరు పెద్దాయనకు కొట్టిన చప్పట్ల కంటే ఇవి ఒక పిసరు ఎక్కువే. పంపాయనకు ఏం చేయాలో తోచక స్పానరు ఛాతీకి హత్తుకుని నిలబడ్డాడు. ఆయన భార్య ఈసారి పక్కావిడతో ఏమీ అనలేదు. అనవలసిన అవసరం లేకుండా ఆవిడ తల దానంతటదే పైకి లేచింది.

శనివారం పంపాయన ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున్నే లేచి పంపుహౌస్‌లోలాగే వంటింట్లో మేకుకు ఒక పుస్తకం వేలాడదీశాడు. పొయ్యి వెలిగించిన సమయం, ఆర్పిన సమయం, పాలు పొంగిన సమయం రాయడం మొదలుపెట్టాడు. ఆదివారం తలుపు బందులన్నిటికీ నూనె వేశాడు, చీరలకంటింది. బీరువా మాత్రం ముందుగదిలోనే ఉంది. సోమవారం నుంచి గంట గంటకూ భార్య వెనక నిలబడి ఇప్పుడేం చేస్తున్నావు, ఎందుకు చేస్తున్నావు, ఎంతసేపు పడుతుంది అని అడిగాడు.

మంగళవారం మధ్యాహ్నం ఆయన భార్య పంపుహౌస్‌కు వెళ్లి, అక్కడ తనకేమైనా డ్యూటీ దొరుకుతుందేమోనని కనుక్కుంది.